బొగ్గు పోయింది, గ్యాస్ మిగిలింది

ఇక్కడ కరెంటు బిల్లును ‘హైడ్రో బిల్లు’ అంటారు. ఆ పేరు విని మనలో చాలామందిమి ఇదంతా నయాగరా నీళ్ల కరెంటే అనుకుంటాం. నిజానికి ఒంటారియో కరెంటులో సుమారు సగం అణువిద్యుత్తు, నాలుగో వంతు జలవిద్యుత్తు. 2003లో మరో నాలుగో వంతు బొగ్గుదే.

వాటర్లూకు దక్షిణాన, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న నాంటికోక్ ఒకప్పుడు ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం. సామర్థ్యం దాదాపు 4,000 మెగావాట్లు. రామగుండంలోని ఎన్టీపీసీ పాత కేంద్రం 2,600 మెగావాట్లంటే పోలిక తెలుస్తుంది. 2005లో ఒంటారియోలో 53 రోజులు స్మాగ్ హెచ్చరికలు వెలువడ్డాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు వేసవిలో కిటికీలు మూసుకుని కూర్చునే రోజులవి. 2013 చివర్లో నాంటికోక్, 2014 ఏప్రిల్‌లో థండర్ బే బొగ్గు మానేశాయి. 2014లో స్మాగ్ హెచ్చరిక ఒక్కటీ లేదు. వాహనాల పొగ తగ్గడమూ ఇందుకు తోడ్పడింది.

2018లో నాంటికోక్ పొగగొట్టాలు కూల్చారు. మరుసటేడు అదే స్థలంలో 44 మెగావాట్ల సౌరకేంద్రం వచ్చింది. పాల్వంచలోనూ కొత్తగూడెం థర్మల్ కేంద్రం పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చారు. అయితే అక్కడి కొత్త యూనిట్లు నడిచేది ఇంకా బొగ్గుతోనే.

బొగ్గు మానడం ప్రభుత్వం చేసిన పని. మన వంతు పని బేస్‌మెంట్‌లో ఉంది. ఇక్కడి ఇళ్లలో ఎక్కువ భాగం గ్యాస్ ఫర్నేస్‌తోనే వెచ్చబడతాయి. దానికి బదులు హీట్ పంప్ పెట్టుకోవచ్చు. మనకు తెలిసిన ఏసీ గదిలోని వేడిని బయటికి తోస్తుంది. హీట్ పంప్ చలికాలంలో బయటి వేడిని లోపలికి తెస్తుంది. ఓ మాదిరి చలిలో ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. చలి ముదిరితే ఆ లాభం తగ్గుతుంది. అందుకే కొందరు గ్యాస్‌ను తోడుగా ఉంచుకుంటారు.

ఖర్చు సంగతి దాచనక్కరలేదు. గ్యాస్ చవక, పైగా గృహస్థులపై కార్బన్ చార్జీ 2025 ఏప్రిల్ 1తో పోయింది. కానీ ఫర్నేస్ ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్లు. ఇవాళ పెట్టింది 2040 దాటాక కూడా మండుతూనే ఉంటుంది. అది జనవరి రాత్రి మొరాయిస్తే ఆలోచించే తీరిక ఉండదు, దొరికిందే పెట్టించుకుంటాం. కనుక మీ ఫర్నేస్ వయసెంతో ఈ వారమే చూసి, వేసవిలోనే రెండు మూడు అంచనాలు తీసుకోండి.

ఇప్పటికే హీట్ పంప్ వాడుతున్న సభ్యులు తమ చలికాలపు బిల్లులతో సహా అనుభవాలు రాసి పంపితే, నాతో పాటు అందరికీ మేలు.