మీకు తెలుసా? వాడకపోయినా ట్యాబ్ చార్జింగ్ ఎందుకు తగ్గుతుంది?

తెర ఆరిపోయినంత మాత్రాన ట్యాబ్ నిద్రపోయినట్టు కాదు. వైఫైని పట్టుకునే ఉంటుంది, మెయిళ్లు వచ్చాయేమో చూస్తుంది, ఫొటోలను క్లౌడ్‌లోకి పంపుతుంది, యాప్‌లను అప్‌డేట్ చేసుకుంటుంది. పూర్తిగా స్విచాఫ్ చేస్తే లిథియం అయాన్ బ్యాటరీ తనంతట తాను కోల్పోయేది నెలకు కొద్ది శాతమే. అందుకే ముట్టుకోకపోయినా తెల్లారేసరికి 20 శాతం పోతోందంటే ముందు అనుమానించాల్సింది యాప్‌లను. సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరిస్తే ఎక్కువ తింటున్నదేదో పేరుతో సహా కనిపిస్తుంది.

సున్నాకు దిగేదాకా వాడి ఆపైన నూరు నింపాలన్న అలవాటు నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్‌కు అది మేలు కాదు, చేటు. దీని అసలు శత్రువు వేడి. 35 డిగ్రీలు దాటిన చోట సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోవచ్చని ఆపిల్ హెచ్చరిస్తుంది. మే నెలలో రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల నీడలోనే 45 తాకుతుంది! ఎండలో ఆపిన కారులో ట్యాబ్‌ను వదిలేయకండి. నెలల తరబడి బీరువాలో పెట్టేస్తుంటే సగం చార్జింగ్‌తో స్విచాఫ్ చేయండి, ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి నింపండి.