టంకం పొగలో ఏముంది?

సూళ్లూరుపేట కుర్రకారుకు యంత్రాల మోజు కలగడంలో వింత లేదు. పులికాట్ అవతల శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న తొలి ఎస్.ఎల్.వి.-3 లేచింది. ఇప్పటికీ రాకెట్ లేస్తోందంటే డాబాలెక్కే ఊరది.

పగలంతా కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే అబ్బాయి, రాత్రి భోజనాల బల్ల మీద పాత రేడియో విప్పి టంకం వేస్తుంటే తల్లికి బెంగ: "ఆ పొగలో సీసం ఉంటుందటగా?"

దాదాపు ఉండదండీ. సీసం మరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. సోల్డరింగ్ ఐరన్ వేడి సుమారు 350 సెంటీగ్రేడ్ డిగ్రీలే. ఆ పొగ టంకం తీగలోని రోజిన్‌ది, అంటే పైన్ చెట్టు జిగురుది. అలాగని మంచిదేం కాదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం రావచ్చు, ఉన్నవారికి ముదరవచ్చు. పొగ మీదకు ముఖం వంచరాదు. కిటికీ తెరచి, చిన్న ఫ్యానుతో పొగను బయటికి పంపాలి. నోటితో ఊదుకుంటే చాలదు.

సీసం వెళ్లే దారి వేరు: చేతి నుంచి నోటికి. మామూలు టంకం తీగలో తగరం 60 పాళ్లు, సీసం 40 పాళ్లు. కొందరు దాన్ని పళ్లతో పట్టుకుంటారు! ఆ అలవాటు మానాలి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పసిపిల్లల మెదడుకు సీసం మరీ చేటు. కనుక అమ్మగారూ, మీవాణ్ణి వేరే బల్ల చూసుకోమనండి. సీసం లేని తీగా దొరుకుతుంది. పొగ మాత్రం దానికీ ఉంటుంది.