తల్లి చేప మేతను బట్టే పిల్ల బలం

పెద్దారవీడు, మార్కాపురం, తర్లుపాడు ప్రాంతాల్లో చెరువులకు, కుంటలకు వానే ఆధారం. చాలా కుంటల్లో నీరు నిలిచేది ఏడాదిలో కొన్ని నెలలే. ఆ కొద్ది కాలంలో వదిలిన చేపపిల్లల్లో సగం చచ్చిపోతే మళ్లీ తెచ్చి పెంచుకునే వ్యవధి ఉండదు. చెరువు పాటకు కట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. 'ఈసారి పిల్ల మంచిది పడలేదు' అని ఊరుకుంటాం. కానీ పిల్ల మంచిచెడ్డలు చాలావరకు తేలిపోయేది అంతకు నాలుగైదు నెలల ముందే, హేచరీలో తల్లి చేప తిన్న మేతతోనే.

పచ్చసొనే తొలి తిండి

బొచ్చె, రోహు, ఎర్రమోసు గుడ్లు 27-30 డిగ్రీల వేడి ఉన్న నీటిలో 14 నుంచి 18 గంటల్లో పొదుగుతాయి. అప్పుడే పుట్టిన పిల్ల బయటి మేత తినలేదు. దాదాపు మూడు రోజులు పొట్ట కింది సంచిలోని పచ్చసొన మీదే బతుకుతుంది. ఆ సొనకు కావలసిన సరుకు తల్లి కాలేయంలో తయారై, రక్తం ద్వారా గుడ్డులోకి చేరుతుంది. తల్లికి అందని పోషకం సొనలో ఉండదు, సొనలో లేనిది పిల్లకు అందదు. చూడి గేదెకు ఈనేముందు దాణా పెంచుతాం కదా, ఇదీ అంతే.

చేపలకు సూది మందు వేసి గుడ్లు పెట్టించడం 1957లో ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌదరి సాధించారు. నేటి హేచరీలన్నీ ఆ దారిలోనివే. అయితే సూది మందు గుడ్డును విడిపిస్తుందే గాని, గుడ్డులో లేని సత్తువను తెచ్చిపెట్టలేదు.

తవుడు, చెక్క చాలవు

తవుడు, వేరుశనగ చెక్కతోనే సరిపెడితే తల్లి చేప కడుపు నిండుతుంది. తవుడు మరీ ఎక్కువైతే కడుపులో కొవ్వు పేరుకుని గుడ్లు తగ్గుతాయి. మంచి మేతలో ఇవి ఉండాలి:

* మాంసకృత్తులు 25-30 శాతం. ఇందుకు చెక్కతోపాటు చేపపొడి, సోయా కలపాలి.
* కొద్దిగా చేపనూనె. పిల్ల కళ్లు, మెదడు ఎదిగేందుకు ఇందులోని కొవ్వులు అవసరం.
* ఇ, సి విటమిన్లు. 'ఇ' లోపిస్తే తల్లిలో గుడ్లు సరిగా ఎదగవు. 'సి' లోపిస్తే పొదిగే గుడ్లు తగ్గుతాయి, పిల్లలు వంకర పోతాయి.
* ఖనిజ లవణ మిశ్రమం.

బూజు పట్టిన చెక్క అసలు వాడరాదు, అందులో విషం ఉంటుంది. మగ చేపలకూ ఇదే మేత పెట్టాలి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ (సిఫా) తల్లి చేపల కోసమే 'సిఫాబ్రూడ్' అనే మేతను రూపొందించింది.

గుడ్లు పెట్టించే కాలం ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు వరకు. కాబట్టి మంచి మేత జనవరి, ఫిబ్రవరిల్లోనే మొదలు కావాలి. చివరి వారంలో సూది మందు వేసేముందు వేసే మేత అప్పటికే తయారైన గుడ్డును మార్చలేదు. ఒకే తల్లితో అదే సీజనులో రెండోసారి గుడ్లు పెట్టిస్తే మధ్యలో మేత మరింత గట్టిగా ఉండాలి. మన చెరువులు ఆలస్యంగా నిండుతాయి గనుక సీజను చివరి పిల్ల కొనేవారు ఈ సంగతి గమనించాలి.

కొనేముందు

చిన్న రైతు తల్లి చేపలను పెంచలేడు, కానీ అడగగలడు. కైకలూరు వైపు నుంచి తెచ్చినా, దగ్గరలో కొన్నా తల్లి చేపలకు ఏ మేత వేశారో, ఎప్పటి నుంచి వేశారో, ఇది ఎన్నో కాన్పు పిల్లో అడగండి. వీలైతే తల్లి చేపల చెరువు చూడండి.

స్పాను కొనేవారు బేసిన్‌లో కొన్నిటిని వేసి నీటిని చేత్తో గుండ్రంగా తిప్పి చూడాలి. బలమైన పిల్ల నీటికి ఎదురీదుతుంది. బలహీనమైనది నీటితో కొట్టుకుపోయి మధ్యకు చేరుతుంది. పిల్లలు ఒకే సైజులో, వంకరలు లేకుండా ఉండాలి.

తెచ్చాక సంచులను కాసేపు చెరువు నీటిలోనే తేలనిచ్చి, రెండు నీళ్ల వేడి సమానమయ్యాక వదలాలి. ఎంత మంచి పిల్లయినా ఇక్కడ తొందరపడితే దక్కదు. వెయ్యికి పది, ఇరవై రూపాయలు తక్కువని నాసి పిల్ల తెస్తే, ఆ నష్టం చివరకు వల లాగిన రోజున కనబడుతుంది.