యాత్రలును కాలగతియు

జనులు ఏల, ఎట్లు ప్రయాణము చేయుచున్నారో చూచినచో ఒక దేశపు స్థితిగతులు తెలియును. ఇందుకు మన సీమయే నిదర్శనము.

1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి పయనమైరి. సుమారు నూరుగురు పరివారము వెంట నడిచెను. ఇల్లు చేరుటకు పదునైదు మాసములు దాటెను. అంత ధనమును తీరికయు నెందరికి గలవు?

1871లో చెన్నపట్టణపు రైలుదారి ఆదోనిమీదుగా రాయచూరు చేరి, బొంబాయి దారితో గలిసెను. నెలల ప్రయాణము దినములకు దిగెను. టిక్కెట్టు కొనగలిగిన రైతుకును దూరక్షేత్రములు చేరువయ్యెను. పిమ్మట బస్సులు, నెలజీతములు, సెలవులు వచ్చినవి. పుణ్యమునకు తోడు కుతూహలమును యాత్రకు హేతువయ్యెను. మంత్రాలయమునకు మ్రొక్కు చెల్లింప వచ్చువారు నేటికిని వచ్చుచున్నారు. కొలిమిగుండ్ల కడనున్న బెలుం గుహలకో, చూడవలెనను కోరికయే జనులను రప్పించుచున్నది. 1884లోనే రాబర్టు బ్రూస్ ఫూట్ దొర వానిని గూర్చి వ్రాసినను, సందర్శకులకు ద్వారము తెరచినది 2002లోనే.

కాని యీ సౌఖ్యము అందరికిని సమముగా రాలేదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి యేటేట అనేక కుటుంబములు సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోవుచున్నవి. తలిదండ్రులతో బిడ్డలును పోవుదురు. హాజరుపట్టీలో పేరు పిలిచి, బదులు రాక, ఉపాధ్యాయులమైన మేము తలవంచుకొందుము. వారిదియు ప్రయాణమే గాని యాత్ర గాదు. మనసు పిలువగా పోవుట యాత్ర. ఆకలి తరుమగా పోవుట వలస.

విద్యార్థులారా! దేశమున యాత్రికులెందరు పెరిగిరని యడుగుడు. దానితోపాటు, మీ ప్రక్కన ఖాళీయైన చోటు ఎవరిదని కూడ నడుగుడు.