మన మురుగు కాలువకు యజమాని ఎవరు?

ప్రతి సంవత్సరం వానాకాలం రాగానే ఈ పత్రికలో నీళ్లు కాచి త్రాగండి, దోమతెర కట్టుకోండి అని వ్రాస్తూనే ఉన్నాము. ఈసారి కూడా ఆ మాటలు వ్రాస్తాము. అయితే వాటికంటే ముందు ఇంకొక సంగతి చెప్పాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మా ఓ.పి. దగ్గర వరుస ఎంత పొడవు ఉంటుందన్నది, అంతకు ముందు ఏప్రిల్, మే నెలల్లో కాలువల పూడిక తీశారా లేదా అన్నదాని మీద చాలా వరకు ఆధారపడి ఉంటుంది. "డాక్టర్లకు కాలువలతో ఏమిటండీ పని, మందులు ఇస్తే చాలదా?" అని సంఘ పెద్దలలో ఒకరు మమ్మల్ని అడిగారు. ఒకప్పుడు మేమూ అలాగే అనుకునేవాళ్లము. విజయవాడ వెళ్లి వచ్చిన తరువాత అలా అనుకోవడం మానేశాము.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా ఆసుపత్రి నుండి ఒక బృందం అజిత్‌సింగ్ నగర్ వైపు వైద్య శిబిరానికి వెళ్లింది. మేము చేరేసరికి నీరు చాలా వీధుల్లో తీసింది గాని బురద తీయలేదు. పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు అన్నీ వీధిలో కుప్పలుగా ఉన్నాయి. ఫైరింజన్లతో ఇళ్లు కడుగుతున్నారు. గోడల మీద నీటి గీత మా తలల కంటే పైన ఉంది.

శిబిరంలో మేము ఊహించినది ఒకటి, చూసినది ఒకటి. విరేచనాలు ఎక్కువ ఉంటాయనుకొని సెలైన్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పెట్టెలకొద్దీ తీసుకువెళ్లాము. అవీ అవసరం అయ్యాయి. కాని ఎక్కువ మంది అడిగినవి బి.పి., షుగరు మాత్రలు. మందుల డబ్బా, ఆసుపత్రి చీటీలు అన్నీ కొట్టుకుపోయి వారం రోజులుగా మాత్ర లేకుండా ఉన్నవారు వాళ్లు. ఆ తరువాత, నీళ్లలో నాని వేళ్ల మధ్య పాచిపోయిన కాళ్లు. ఒక పెద్దామె కట్టు కట్టించుకుంటూ మా నర్సుతో అన్నది: "సిస్టరమ్మా, పైన వాన తగ్గిందమ్మా. హమ్మయ్య అనుకొని పడుకున్నాం. లేచేసరికి మంచం కింద నీళ్లు. వాన లేకుండా వరద ఎక్కడ నుండి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు."

ఆమె ప్రశ్నకు జవాబు ఉంది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తరపు అంచు మీదుగా పారి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ అడుగున తూములో నుండి దాటి, కొల్లేరులో కలుస్తుంది. కొల్లేరు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. మామూలు రోజుల్లో అది ఒక మురికి వాగు. కొండల్లో పెద్ద వాన పడితే మాత్రం గంటల్లో పొంగుతుంది. అందుకే పాతవాళ్లు దానిని బెజవాడ దుఃఖదాయిని అన్నారు. నగరాన్ని కాపాడడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరద నీటిని మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు.

ఏర్పాటు మంచిదే. కాని కృష్ణలో చోటు ఉంటేనే అది పని చేస్తుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఆ బ్యారేజీని 11.9 లక్షల క్యూసెక్కులకు కట్టారు. నది అంత నిండుగా ఉంటే వాగు నీరు అందులోకి ఎలా దిగుతుంది? కాలువలోనే ఎగదన్నింది. కొండపల్లి వైపు ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. రెగ్యులేటరు గేట్లు ఎత్తిన నీరు, గండ్ల నుండి వచ్చిన నీరు కలిసి పాత దారిన నగరం వైపు నడిచాయి. ఆ పాత దారిలో ఇప్పుడు సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట, పాయకాపురం, కండ్రిక, జక్కంపూడి ఉన్నాయి. రెండున్నర లక్షలకు పైగా జనం నీటిలో చిక్కుకున్నారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేయవలసి వచ్చింది. సైన్యం వచ్చి సాయం చేస్తే గాని గండ్లు పూడలేదు; మూడవది సెప్టెంబరు 7న పూడింది. ఆ వానలకు, వరదలకు రాష్ట్రంలో 40 మందికి పైగా చనిపోయారు.

ఇదేమీ తెలియని ప్రమాదం కాదు. 2005లో కూడా బుడమేరు విజయవాడను ముంచింది. ఆ తరువాత పంతొమ్మిది సంవత్సరాలలో వాగు వెడల్పు కాలేదు సరికదా, ఇళ్లు ఇంకా దగ్గరకు జరిగాయి. పేదవాళ్లు తెలియక పల్లపు స్థలం కొనుక్కున్నారని అంటారు. మరి ప్రభుత్వ పథకం కింద కట్టి ఇచ్చిన వాంబే కాలనీ కూడా మునిగింది కదా? నగరంలో వాన నీటి కాలువల కోసం కేంద్రం 461 కోట్ల రూపాయలు మంజూరు చేసిన పథకం కూడా ఒకటి ఉంది. 2024 వరద నాటికి ఆ పని పూర్తి కాలేదు.

ఆ శిబిరానికి వచ్చిన ఒక ఆటో డ్రైవరు గూర్చి చెప్పాలి. నాలుగు రోజులు నడుము లోతు నీళ్లలో తిరిగి ఇంటింటికీ పాలు, మంచినీళ్లు అందించాడు. తరువాత జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి. నీళ్లలో నడిచినందువలన అనుకున్నాడు. వీధి చివర సూది వేయించుకున్నాడు. మా దగ్గరకు వచ్చేనాటికి కళ్లు పచ్చబడి, మూత్రం తగ్గిపోయింది. అది లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుకల మూత్రం కలిసిన నీటి నుండి వచ్చే జ్వరం. వెంటనే పెద్దాసుపత్రికి పంపాము. డయాలసిస్ చేయవలసి వచ్చింది. బ్రతికాడు. మూడు రోజుల ముందే వచ్చి ఉంటే మామూలు యాంటిబయాటిక్ మాత్రలతోనే తగ్గిపోయేది.

మన ఊరి సంగతి

తిరిగి వచ్చిన తరువాత మా ఆసుపత్రి వెనుక పారే కాలువను మొదటిసారి కళ్లు తెరచి చూశాము. ఇన్నేళ్లూ దాని వాసన మాత్రమే మాకు తెలుసు. పట్టణంలోని చిన్న కాలువలన్నీ దానిలో కలుస్తాయి. అది రోడ్డు కింద కల్వర్టు దాటి పెద్ద డ్రెయిన్‌లో కలుస్తుంది. కల్వర్టుకు ఉన్న మూడు ఖానాలలో రెండు ఇసుకతో, సంచులతో మూసుకుపోయాయి. అవతల గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంది. వాన పడిన ప్రతిసారీ వెనుక పేటలో నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో తెలుసుకోవడానికి ఇంజనీరు అవసరం లేకపోయింది.

పూడిక తీయించమని అర్జీ పట్టుకొని తిరిగాము. మొదటి ఆఫీసులో చిన్న కాలువలు మావి, పెద్ద డ్రెయిన్ మాది కాదు అన్నారు. రెండవ ఆఫీసులో డ్రెయిన్ మాదే గాని కల్వర్టు రోడ్డు వాళ్లది అన్నారు. మూడవ చోట కల్వర్టు సరే, గట్టు మీద కట్టుకున్న వాటిని తీయించడం మా పని కాదు, ఇంకొకరిని అడగండి అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అందరూ మర్యాదగానే మాట్లాడారు. నీరు మాత్రం ఒక్కటే. అది ఏ ఆఫీసు హద్దు ఎక్కడ ఉందో చూసి ఆగదు. ఒకసారి పూడిక తీశారు కూడా. తీసిన మట్టిని గట్టు మీదే వదిలేశారు. మొదటి వానకు అది మళ్లీ కాలువలోకే జారింది.

మా తప్పు కూడా ఒకటి బయటపడింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం పది మీటర్లకు మించి వెడల్పు ఉన్న కాలువ, వాగు, నాలాల హద్దు నుండి 9 మీటర్లు, అంతకంటే చిన్న వాటి నుండి 2 మీటర్లు వదిలి కట్టుకోవాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే 30 మీటర్లు వదలాలి. టేపు పెట్టి కొలిస్తే మా సైకిల్ షెడ్డు కాలువ గట్టు మీదే ఉంది. వేరేవాళ్ల ఆక్రమణల గూర్చి అర్జీ వ్రాసిన మేమే సిగ్గుపడ్డాము. షెడ్డు తీసివేయాలని కమిటీ తీర్మానించింది, తీసివేశాము. అయితే గట్టు మీద ఇళ్లు కట్టుకున్న కుటుంబాల సంగతి షెడ్డు వంటిది కాదు. అందులో మన సంఘంవారూ ఉన్నారు. వాళ్లకు ముందు వేరే చోట, పల్లం కాని చోట, ఇల్లు చూపించకుండా కదల్చమని మేము అడగము. మా అర్జీలో ఆ మాట కూడా చేర్చాము.

చట్టం ప్రకారం ఈ పని ఎవరిదీ కాదా? ఉంది. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పన్నెండవ షెడ్యూలులో పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుధ్యం పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగినవిగా ఉన్నాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక ప్రణాళిక ఉండాలి. ఏ ప్రాంతాలు మునుగుతాయో అందులో గుర్తించాలి. దానిని ఏటేటా సరిచూడాలి. ఆ జిల్లా సంస్థకు కలెక్టరు గారు అధ్యక్షులు, ఎన్నికైన స్థానిక ప్రతినిధి సహాధ్యక్షులు. అంటే మూడు ఆఫీసులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగల చోటు ఒకటి ఉందన్నమాట. మాకు ఇది ముందే తెలిసి ఉంటే అన్ని నెలలు తిరిగేవాళ్లము కాదు.

మీరు అడగవలసినవి మరీ పెద్దవి కావు. మా పేట కాలువ ఏ ఆఫీసుది? పోయిన ఏడాది పూడిక ఎప్పుడు తీశారు, ఎన్ని మీటర్లు తీశారు, ఎంత ఖర్చు అయింది? జిల్లా విపత్తు ప్రణాళికలో మా వార్డు పేరు ఉందా? సమాచార హక్కు చట్టం కింద కాగితం మీద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫీజు 10 రూపాయలు; దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ఊళ్లో కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా అడిగే హక్కు మీకు ఒకటే. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుందని మా అనుభవం.

ఇక ఇంట్లో చూసుకోవలసినవి. కుళాయి నీరు రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. మిగతా సమయం పైపు ఖాళీగా ఉంటుంది. మురుగు కాలువలో నుండి వెళ్లే పైపుకు చిన్న చిల్లు ఉన్నా ఆ సమయంలో మురుగును లోపలికి పీల్చుకుంటుంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి విరేచనాలు ప్రబలి పలువురు చనిపోయారు. అప్పుడు వరద లేదు, వాన కూడా లేదు. అందుచేత మీ ఇంటి పైపు కాలువలో నుండి పోతున్నదేమో ఈ వారమే చూడండి. మొదట వచ్చే రెండు బిందెల నీరు త్రాగడానికి పట్టవద్దు. నీరు బాగా మరిగించి చల్లార్చి త్రాగండి. క్లోరిన్ మాత్ర వేస్తే అరగంట ఆగాలి. బురద నీటికి మాత్ర సరిగా పని చేయదు, ముందు గుడ్డతో వడకట్టండి.

నిలిచిన నీళ్లలో నడవక తప్పకపోతే బూట్లు వేసుకోండి. పుండు, కోత ఉంటే ప్లాస్టిక్ కవరు చుట్టి దిగండి. నీళ్లలో తిరిగిన తరువాత నెల రోజుల లోపల జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రబడిన కళ్లు ఉంటే సూది వేయించుకొని ఊరుకోవద్దు, ఆసుపత్రికి రండి. నీళ్లలో తిరిగాను అని డాక్టరుతో మీరే చెప్పండి, మేము అడగడం మరచిపోవచ్చు. డెంగ్యూ దోమ మంచి నీటిలో, బోదకాలు తెచ్చే దోమ మురుగులో పెరుగుతాయి. కాబట్టి తొట్టెను, కాలువను రెండింటినీ చూసుకోవాలి. బి.పి., షుగరు ఉన్నవారు పది రోజుల మాత్రలు, ఆసుపత్రి చీటీ నకలు ఒక ప్లాస్టిక్ కవరులో కట్టి ఎత్తైన చోట పెట్టుకోండి. సింగ్ నగర్ నేర్పిన పాఠాలలో మాకు అన్నింటికంటే గుర్తున్నది ఇదే.

కల్వర్టు ఖానాలలో ఒకటి తెరిచారు. రెండవది ఇంకా మూసుకొనే ఉంది. దాని గూర్చి కలెక్టరు గారికి వ్రాసిన అర్జీ ఓ.పి. చీటీలు ఇచ్చే కిటికీ దగ్గర ఉంచాము. వెనుక పేట కుటుంబాలవారు చదివి, సరే అనిపిస్తే సంతకం చేయండి. వ్రాయడం రానివారికి మా రిసెప్షన్‌లో చదివి వినిపిస్తారు.