డిస్నీ ప్రయాణానికి ముందు ఒక కాగితం



అమెరికాలో కూతురి దగ్గరికో కొడుకు దగ్గరికో వెళ్ళినప్పుడు, మనవల ముచ్చట తీర్చడానికి మనవాళ్ళు చాలామంది ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్తుంటారు. 1971లో తెరిచిన ఆ వినోదనగరంలో ఇప్పుడు నాలుగు పెద్ద పార్కులున్నాయి. ఒక్కోదానికి ఒక రోజంతా పడుతుంది. ‘అన్నీ చూసేద్దాం’ అని బయల్దేరితే చివరికి మిగిలేది కాళ్ళనొప్పులూ, పిల్లల ఏడుపులూను. పెళ్ళిపనులకు జాబితా రాసుకుంటాం గదా, దీనికీ అంతే.

మొదటిది తేదీ. టిక్కెట్టు ధర రోజునుబట్టి మారుతుంది. క్రిస్మస్ వారంలో రద్దీ, ధర రెండూ ఎక్కువే. వేసవిలో మధ్యాహ్నం తరచు ఉరుములతో వాన పడుతుంది. మెరుపులున్నంతసేపూ ఆరుబయటి ఆటలు ఆపేస్తారు. కనుక అవి పొద్దుటే ముగించుకోవడం మంచిది.

రెండవది టేపు. కొన్ని ఆటలకు పిల్లల ఎత్తు చూసిగాని ఎక్కనివ్వరు. ‘స్పేస్ మౌంటెన్’కు 44 అంగుళాలుండాలి. ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి, ఎక్కలేని ఆటలేవో పిల్లలకు ముందే నచ్చచెప్పండి. అంతదూరం వెళ్ళాక గుమ్మం దగ్గర వెనక్కి పంపితే ఆ పసిమొహం చూడలేం. చంటిపిల్లతో ఒకరు బయట ఆగితే, రెండోవారు దిగి వచ్చాక వీరు మళ్ళీ మామూలు క్యూలో నిలబడకుండా ఎక్కే ఏర్పాటుంది. అక్కడి సిబ్బందిని అడగాలి, అంతే.

మూడవది ఫోను. ‘మై డిస్నీ ఎక్స్‌పీరియెన్స్’ అనే ఉచిత యాప్‌లో పార్కు పటం, ఏ ఆటకు ఎన్ని నిమిషాలు ఆగాలో, అన్నీ కనబడతాయి. చాలా హోటళ్ళలో భోజనం దాన్లోనే చెప్పేయవచ్చు. ‘లైట్నింగ్ లేన్’ అని, అదనంగా డబ్బు కడితే చిన్న క్యూలో పంపే పద్ధతి ఒకటుంది. డిస్నీ హోటళ్ళలో బసచేసేవారు ఏడు రోజుల ముందు, మిగతావారు మూడు రోజుల ముందు దాన్ని కొనుక్కోవచ్చు. అన్ని రోజులకూ కొనాలని లేదు. రద్దీ రోజుకే కొన్నా ఖర్చు కలిసివస్తుంది.

తిండి మాట. వేడిచేయనక్కరలేని పదార్థాలు తీసుకెళ్ళనిస్తారు. గాజుసీసాలూ, ఘాటైన వాసనలూ కూడదు. పులిహోర డబ్బా పరవాలేదు గాని, ఆవకాయను ఇంట్లోనే ఉంచండి! భోజనం కౌంటర్లలో చల్లని మంచినీళ్ళు అడిగితే ఉచితంగానే ఇస్తారు.

ఇక అసలు సంగతి. ఎవరికెంత ఓపికుందో, ఎవరికి ఏ వేళకి ఆకలేస్తుందో ఏ ఫోనుకూ తెలియదు, మనకే తెలుసు. అందుకని ముందురోజు రాత్రి ఒక కాగితం తీసుకుని, ఇంటిల్లిపాదీ తలా ఒక కోరిక చెప్పించి రాయండి. ముందు అవి తీరాలి, తక్కినవి వీలునుబట్టి. మధ్యాహ్నం ఒక గంట విశ్రాంతి కూడా వేసుకోండి.

ఆ కాగితంలో మీ పేరు మరచిపోకండి సుమా. తరచు మనం సంచులకు కాపలాగా బెంచీమీదే ఉండిపోతాం. మేజిక్ కింగ్‌డమ్ చుట్టూ తిరిగే ఆవిరిరైలుకు ఎత్తు నియమం లేదు, మోకాళ్ళకు శ్రమా లేదు. హాయిగా కూర్చుని చూడవచ్చు. ఆ ఒక్కటైనా మీ పేరు పక్కన రాసుకోండి. సంచులు ఆ కాసేపు అల్లుడుగారు చూసుకుంటారు.

సెలవు.