ట్రాలీ లైట్లు వెలగట్లేదా? మీటర్ 12 వోల్టులు చూపించినా నమ్మేయకండి

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. అయినా చివరిదాకా చదవండి, మీ డ్రాయర్‌లో పడి ఉన్న మల్టీమీటర్ మీద అభిప్రాయం కాస్త మారొచ్చు.

డిసెంబర్, జనవరి నెలల్లో శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకి తెలుసు. అనంతగిరి దగ్గర పొద్దున్నే పొగమంచు దిగితే ముందు బండి కనిపించదు, దాని టెయిల్ లైట్ ఒక్కటే కనిపిస్తుంది. ఆ ముందు బండి ఇటుకలేసుకున్న ట్రాక్టర్ అనుకోండి. ట్రాక్టర్‌కి ఉన్న వెనక లైట్లు ట్రాలీ చాటున దాక్కుంటాయి. ట్రాలీకి లైట్ లేకపోతే మలుపు తిరిగిన బైక్‌వాడికి సడన్‌గా ఇనుప గోడ ఎదురవుతుంది, అంతే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వెనక ఎర్ర దీపం ఉండాలని రాసే ఉంది. రాసి ఉండటం వేరు, వెలగడం వేరు.

సుంకరిమెట్ట దగ్గర టీ కోసం ఆగినప్పుడు ఒక ట్రాక్టర్ పెద్దాయన నాతో అన్న మాట ఇది: "ఎక్కేటప్పుడు బాగానే ఎలుగుతాయి బాబూ, దిగేటప్పుడే ఆరిపోతాయి. బల్బులు రెండుసార్లు మార్చేసినాను." నాకైతే ఆ మాటలోనే సగం జవాబు దొరికింది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తేడా చూపించేది బల్బు కాదు. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్య కదిలేది ఏదో ఉంది.

కరెంట్ వెళ్లడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి కావాలి కదా. తిరిగొచ్చే దారినే ఎర్త్ అంటాం. సెవెన్ పిన్ సాకెట్‌లో దానికి ప్రత్యేకంగా ఒక పిన్ ఉంటుంది. ఆ వైరు తెగిపోయినా లైట్లు ఒక్కోసారి వెలుగుతూనే ఉంటాయి, ఎందుకంటే కరెంట్ ట్రాలీ ఛాసిస్ గుండా, హుక్కు పిన్ను గుండా ట్రాక్టర్ బాడీలోకి దారి వెతుక్కుంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ట్రాలీ బరువు వెనక్కి లాగుతుంది కాబట్టి హుక్కు బిగుతుగా ఉంటుంది. దిగేటప్పుడు ట్రాలీ ముందుకు తోస్తుంది, పిన్ను అటూ ఇటూ కదులుతుంది, మధ్యలో తుప్పూ గ్రీజూ. లైట్లు పోతాయి. సరిగ్గా బ్రేక్ లైట్ అవసరమైన చోట!

ఇప్పుడు అసలు గ్యాడ్జెట్ సంగతి. టీ కొట్టు పక్కనే ఉన్న కుర్రాడు తన డిజిటల్ మల్టీమీటర్ తెచ్చి, బ్రేక్ తొక్కించి, ల్యాంప్ హోల్డర్‌లో పెట్టి చూశాడు. 12 వోల్టులు. "కరెంట్ వస్తోందన్నా, బల్బే పోయింది" అన్నాడు. కొత్త బల్బు పెడితే అదీ వెలగలేదు. మీటర్ అబద్ధం చెప్పిందా? లేదు, దాన్ని అడిగిన ప్రశ్నే తేడా. మామూలు డిజిటల్ మీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్స్ ఉంటుంది. అంటే 12 వోల్టుల దగ్గర అది లాగే కరెంట్ సుమారు 1.2 మైక్రో ఆంపియర్లు మాత్రమే. తుప్పు పట్టిన జాయింట్‌లో వెయ్యి ఓమ్స్ అడ్డం ఉన్నా ఆ కాస్త కరెంట్ దాటేస్తుంది, మీటర్ నిక్షేపంగా 12 చూపిస్తుంది. అదే 21 వాట్ల బ్రేక్ బల్బుకి దాదాపు 1.75 ఆంపియర్లు కావాలి. అంత కరెంట్ ఆ జాయింట్ దాటలేదు. కుళాయి మూసి ఉన్నప్పుడు పైపులో ప్రెషర్ చూసి, బిందె నిండుతుందని అనుకోవడం లాంటిది ఇది.

అందుకే ఈ పనికి నేను పాత 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు కట్టి, చివర్లో క్లిప్పులు పెట్టిన టెస్ట్ ల్యాంప్‌నే ముందు బయటికి తీస్తాను. మీటర్ కంటే చవక, ఇక్కడ మీటర్ కంటే నిజాయితీ. లోడ్ పెట్టి చూడనిదే వైరింగ్ గురించి ఏమీ తేలదు.

వరస కూడా ముఖ్యం. ముందు టైర్ల కింద రాళ్లు పెట్టండి. టిప్పింగ్ ట్రాలీ అయితే జాకీ మీద ఎత్తి ఉన్న తొట్టి కింద దూరొద్దు, గట్టి సపోర్ట్ ఉంటే తప్ప. తర్వాత ప్లగ్ పీకేసి ట్రాక్టర్ సాకెట్‌ని విడిగా చెక్ చేయండి. ఐఎస్‌ఓ 1724 ప్రకారం 3వ పిన్ ఎర్త్. 1 ఎడమ ఇండికేటర్, 4 కుడి ఇండికేటర్, 5 కుడి టెయిల్, 7 ఎడమ టెయిల్, 6 బ్రేక్. 2వది వెనక ఫాగ్ ల్యాంప్‌ది. వైర్ల రంగులు మాత్రం నమ్మకండి, ఏ షెడ్డులో ఏ రంగు దొరికితే అదే వేసేస్తారు. నంబర్లు చూసుకోండి. 3కీ మిగతా పిన్నులకీ మధ్య టెస్ట్ ల్యాంప్ పూర్తిగా వెలిగితే ట్రాక్టర్ వైపు ఓకే, దోషం ట్రాలీలో ఉంది. సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు ప్లగ్ పెట్టి, బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక పొడుగు వైరు తీసుకొచ్చి ట్రాలీ ల్యాంప్ ఎర్త్‌కి తాకించండి. లైట్లు ఒక్కసారిగా వెలిగితే ఎర్త్ దొరికిపోయింది. పెద్దాయన ట్రాలీలో అదే జరిగింది. ఎర్త్ వైరు ముందు కడ్డీ దగ్గర రాసుకుని రాసుకుని లోపలే తెగింది, పైన ఇన్సులేషన్ మాత్రం చక్కగా ఉంది.

మల్టీమీటర్‌కి నిజమైన పని ఇక్కడే ఉంది. బ్రేక్ తొక్కి పట్టుకుని, ల్యాంప్ ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి. అర వోల్ట్ లోపు ఉంటే సరే. రెండు బ్రేక్ బల్బులూ కలిసి 3.5 ఆంపియర్లు లాగే చోట ఎర్త్‌లో ఒక్క ఓమ్ ఉన్నా దాదాపు 3 వోల్టులు అక్కడే పోతాయి, వెలుగు సగం కూడా మిగలదు. వైరు సన్నగా ఉన్నా ఇదే గోల. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 8 మీటర్లు లాగితే ఒక్క వోల్ట్ దాకా దారిలోనే పోతుంది, 1.5 వేస్తే అందులో మూడో వంతే.

ఎర్త్ పోయిందని చెప్పే ఇంకో గుర్తు: ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా మిణుకుమంటాయి, బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసకబారుతుంది. తిరుగుదారి లేని కరెంట్ పక్క బల్బు ఫిలమెంట్ గుండా బయటపడుతోందన్నమాట. చాలామంది దీన్ని షార్ట్ అనుకుని వైరింగ్ మొత్తం పీకేస్తారు.

ఫోన్ ఎక్కడ పనికొస్తుంది? ఒంటరిగా ఉన్నప్పుడు. ట్రాలీ వెనక ఒక రాయికి ఆనించి వీడియో ఆన్ చేయండి, సీటెక్కి బ్రేక్, ఎడమ, కుడి, హెడ్‌లైట్ స్విచ్ వరసగా నొక్కండి, దిగొచ్చి చూసుకోండి. సిగ్నల్ లేని చోట కూడా పనిచేసే 'అసిస్టెంట్' ఇది. ప్లగ్ విప్పే ముందు ఫొటో తీయడం మర్చిపోవద్దు. ఎల్‌ఈడీ ల్యాంపులు వీడియోలో గీతలుగా అదిరినట్టు కనిపిస్తే కంగారుపడకండి, అది కెమెరా ఫ్రేమ్ రేట్ సంగతి.

ఎల్‌ఈడీ మాట వచ్చింది కాబట్టి: సీల్ చేసిన ఎల్‌ఈడీ ల్యాంపులు కొండ వానకీ బురదకీ బాగా తట్టుకుంటాయి, నా ఓటు వాటికే. కానీ ఎర్త్ బాగుచేయకుండా పెడితే రోగం దాక్కుంటుంది, అంతే. ఇవి తక్కువ కరెంట్ లాగుతాయి కాబట్టి పాత ఫ్లాషర్ 'బల్బు పోయింది' అనుకుని టకటకా కొట్టుకోవచ్చు, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చాలి. అయస్కాంతంతో అతుక్కునే రీఛార్జబుల్ లైట్లు ఆ పూటకి ఇంటికి చేరడానికి ఓకే, అంతకుమించి కాదు. ఛార్జింగ్ పెట్టడం ఎవరికి గుర్తుంటుంది?

రిపేర్ చేసేటప్పుడు వైర్లు మెలేసి టేపు చుట్టడం వద్దు. వాన నీరు టేపు కిందకి చేరి రాగిని నల్లగా చేస్తుంది. క్రింప్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి, పిన్నులకి కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. ఫ్యూజు పదేపదే పోతుంటే సిగరెట్ రేకు చుట్టకుండా, తొట్టి మడత బందు దగ్గర నలిగిన వైరు కోసం చూడండి. షార్ట్ దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.

పెద్దాయన ట్రాలీకి ఆ రోజు విడిగా ఎర్త్ వైరు లాగి, వెనక తలుపుకి ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు కూడా అంటించాం. ఎడమ ఇండికేటర్ హోల్డర్ మాత్రం తుప్పుతో ఊడిపోయింది, అది అరకులో కొనాల్సిందే.